లడఖ్ సంగతి తర్వాత, ముందు మన రేగడి

నలభై దాటాక మళ్ళీ మట్టిదారుల్లో బండి నడపాలని బుద్ధి పుట్టినవాళ్ళు విజయవాడ, గుంటూరుల్లో ఈమధ్య బాగానే కనబడుతున్నారు. పిల్లలు చదువులకి వెళ్ళిపోయారు, ఇంటి లోను చివరికొచ్చింది, చేతిలో కాస్త డబ్బు ఆడుతోంది. కాలేజీ రోజుల్లో యమహా ఆర్‌ఎక్స్ 100 మీద తిరిగిన తిరుగుళ్ళు గుర్తొస్తాయి. షోరూమ్‌కి వెళ్ళి ఉన్నవాటిలో పెద్ద బండి కొంటారు. రెండు పక్కలా పెట్టెలు, ముందు అదనపు లైట్లు బిగిస్తారు. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ బండి హైవే దిగడం మానేస్తుంది. మట్టిలోకి దిగిన ఒకటి రెండుసార్లూ అది పడిపోవడం, లేపడానికి ముగ్గురు మనుషులు కావాల్సి రావడం, "ఇంక ఈ వయసులో మనవల్ల కాదులే" అనుకుని ఊరుకోవడం.

నాకు బాధ కలిగించేది ఆ చివరి మాటే. చేయగల మనుషులు చేయలేమనుకుని మానేస్తున్నారు. చాలా ఏళ్ళ తర్వాత తిరిగి వచ్చేవాడు తేలికైన బండితో, ఇంటికి గంట దూరంలో ఉన్న నేల మీద, నడక వేగంతో మొదలుపెట్టాలి. ఇరవై ఏళ్ళ పైచిలుకు విరామం తర్వాత నేను మళ్ళీ మొదలుపెట్టింది ఇలాగే. ఇది నాకు ఒంటబట్టింది, చాలామందికి ఒంటబడుతుందని నా గట్టి నమ్మకం.

ముందు బరువు సంగతి. మా తరానికి చేయి తిరిగింది ఆర్‌ఎక్స్ 100 మీద. 1985లో వచ్చి 1996 దాకా తయారైన ఆ బండి ఇంజను 98 సీసీ, సత్తా 11 హార్స్‌పవర్, బరువు 100 కిలోలకు కాస్త అటూ ఇటూ. ఇసుకలో పడితే ఒక్కడే లేపుకునేవాడు. ఇప్పటి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 బరువు 196 కిలోలు. మంచి బండి. ఇద్దరు కూర్చుని విజయవాడ నుంచి అరకు దాకా వెళ్ళిరావాలంటే నేనూ అదే కొనమంటాను. నూటికి తొంభై పాళ్ళు తారురోడ్డు మీదే తిరిగేవాళ్ళు నా మాట పట్టించుకోనక్కర్లేదు. కానీ మట్టి కోసమే కొనేవాడు ఒకటి ఆలోచించాలి. ఒళ్ళు గుర్తుపెట్టుకున్న బండికి ఇది దాదాపు రెట్టింపు బరువు. ఇరవయ్యేళ్ళప్పుడు బండి పక్కకి ఒరిగితే ఎంతదాకా ఒరగనిచ్చి కాలు దింపేవాళ్ళమో, ఇప్పుడూ అంతదాకా ఒరగనిచ్చి దింపుతాం. ఆ కాలి మీద పడేది మాత్రం రెట్టింపు.

ఒళ్ళు కూడా అప్పటిది కాదాయె. ముప్పై దాటాక కండ పదేళ్ళకి 3 నుంచి 8 శాతం దాకా తగ్గుతుందని వైద్యులు చెబుతారు. వ్యాయామం చేసేవాళ్ళకి ఈ తగ్గుదల చాలావరకు ఆగుతుంది. మనలో ఎక్కువమందిమి చేయలేదు.

కొత్తగా నేర్చుకునేవాడికి భయం ఉంటుంది, ఆ భయమే వాణ్ణి కాపాడుతుంది. తిరిగొచ్చేవాడికి అన్నీ తెలుసు. గొయ్యి కనబడగానే ఏం చేయాలో బుర్ర చెప్పేస్తుంది, చేతులూ మోకాళ్ళూ అర సెకను ఆలస్యంగా కదులుతాయి. దెబ్బలు తగిలేది ఆ అర సెకనులోనే. అందుకే కొత్తవాళ్ళకన్నా తిరిగొచ్చేవాళ్ళే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలంటాను. తేలిక బండి ఆ ఆలస్యాన్ని మన్నిస్తుంది. బరువు బండి మన్నించదు.

మా రోజుల్లో మామూలు ఉద్యోగి కొనగలిగిన ఆఫ్‌రోడ్ బండి అనేదే లేదు. ఉన్న బండికే సైలెన్సరు పైకెత్తి, ముళ్ళ టైర్లు వేయించి నడిపేవాళ్ళం. 2011లో హీరో ఇంపల్స్ వచ్చింది, 150 సీసీ. పాపం, ఎక్కువకాలం నిలవలేదు. 2019లో ఎక్స్‌పల్స్ 200 వచ్చాక గానీ మనలాంటివాళ్ళకి దారి తెరుచుకోలేదు. నేను తీసుకున్నది అదే. బరువు 158 కిలోలు, ఆర్‌ఎక్స్ కన్నా ఎక్కువే. కానీ ముందు చక్రం 21 అంగుళాలు. చక్రం పెద్దదయ్యేకొద్దీ రాయికి ఢీకొనడం తగ్గుతుంది, ఎక్కి దాటేస్తుంది. నేలకీ ఇంజనుకీ మధ్య 220 మిల్లీమీటర్ల ఎత్తు, ముందు షాకబ్జర్లకి 190 మిల్లీమీటర్ల ఆట. అప్పట్లో మనం సీటు మీంచి ఎగిరిపడ్డ గోతులు ఇప్పుడు మోకాళ్ళు కాస్త వంచితే దాటిపోతాయి.

పాత అలవాట్లలో మాత్రం కొన్ని మార్చుకోక తప్పదు. టూ-స్ట్రోక్ బండి దిగువకి వెళ్ళేటప్పుడు రేజ్ వదిలినా ఇంజను పెద్దగా పట్టేది కాదు, జారుకుంటూ పోయేది. అంతా బ్రేకుల మీదే. ఫోర్-స్ట్రోక్‌లో మొదటి గేరు వేసి రేజ్ వదిలితే వెనక చక్రాన్ని ఇంజనే పట్టి ఉంచుతుంది. దాని మీద పాత అలవాటు కొద్దీ వెనక బ్రేకు కూడా గట్టిగా తొక్కితే చక్రం ఆగిపోయి బండి అడ్డం తిరుగుతుంది. దిగుడులో పాదం తేలిక చేసుకోవడం, ముందు బ్రేకుని ఒక్క వేలితో సుతారంగా పట్టడం కొత్తగా నేర్చుకోవాల్సిందే.

బ్రేకు గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కూడా మా రోజుల్లో లేదు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బళ్ళన్నిటికీ అది తప్పనిసరి. తారురోడ్డు మీద ప్రాణాలు కాపాడే వస్తువు, అందులో రెండో మాట లేదు. గుల్ల మట్టిలో కథ వేరు. అక్కడ ఆగిపోయిన చక్రం ముందు మట్టి పోగుపడి, ఆ పోగే బండిని ఆపుతుంది. ఏబీఎస్ చక్రాన్ని ఆగనివ్వదు కాబట్టి బండి ఇంకాస్త దూరం పోతుంది. 2023లో వచ్చిన ఎక్స్‌పల్స్‌లో దీన్ని తగ్గించుకునే, ఆపుకునే మోడ్‌లు ఇచ్చారు. మీ బండిలో ఏముందో, ఏ మోడ్‌లో ఎంత దూరంలో ఆగుతుందో ఖాళీ స్థలంలో చూసుకున్నాకే దిగుడులోకి వెళ్ళండి.

ఇక నేల సంగతి. మనకి హిమాలయాలు లేవు, ఎడారి లేదు, ఆఫ్‌రోడింగ్ ఎక్కడ చేస్తామండీ అని అడుగుతారు. లడఖ్ వెళ్ళొచ్చిన మిత్రుల్ని నేను అడిగి చూశాను. అక్కడ వాళ్ళు నడిపింది ఎక్కువ భాగం తారు, మిగతాది కంకర, ఒకటి రెండు వాగులు. ఇబ్బంది పెట్టింది ఎత్తూ చలీ. నేల పరంగా చూస్తే కృష్ణా, గుంటూరు, పల్నాడుల్లో ఉన్న వైవిధ్యం తక్కువేం కాదు. ప్రకాశం బ్యారేజీకి దిగువన ఇసుక, గుంటూరు చుట్టూ నల్లరేగడి, కాలువ కట్టల మీద గ్రావెల్, పేరేచర్ల వైపు రాళ్ళ నేల. అన్నీ గంట ప్రయాణంలో.

ఇసుక నిజంగా మంచి గురువు. అందులో హ్యాండిల్‌తో పోరాడితే చేతులు పీక్కుపోవడమే గానీ బండి మాట వినదు. నడుము వెనక్కి తీసుకుని, చూపు దూరంగా పెట్టి, రేజ్ ఒకే లెక్కన ఇస్తూ ఉంటే ముందు చక్రం అటూ ఇటూ ఊగుతూనే దారి వెతుక్కుంటుంది. ఆ ఊగులాటని భరించడమే నేర్పు. అయితే మనం కుర్రతనంలో ఎరిగిన ఇసుక ఇప్పుడు అక్కడ లేదు. 2024 సెప్టెంబరు వరదలో బ్యారేజీ మీంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు పోయాయి. తిన్నెలు జరిగిపోయాయి, పాయలు మారిపోయాయి. దానికి తోడు ఇసుక తవ్విన గోతులు. నీళ్ళు నిండితే అవి మామూలు మడుగుల్లా కనబడతాయి, లోతు మనిషిని మించి ఉంటుంది. అక్కడ తడి ఇసుకలోకి దిగేముందు బండి ఆపి, కాలినడకన వెళ్ళి చూసొస్తాను. ఎన్నిసార్లు చూసిన చోటైనా సరే.

రేగడి కథ పూర్తిగా వేరు. ఆ మట్టిలోని బంకకి నీళ్ళు పీల్చి ఉబ్బే గుణం ఉంది. వేసవిలో ఎండి నెర్రెలు విచ్చుతుంది, కొన్ని నెర్రెల్లో ముందు చక్రం దిగబడేంత వెడల్పు. వానపడితే అదే నేల అట్టలు అట్టలుగా టైరుకి చుట్టుకుంటుంది. ఒక అక్టోబరులో, వాన వెలిసిన మర్నాడు, మిత్రుడూ నేనూ మిరపచేల మధ్య డొంకలో వెళ్తున్నాం. పది గజాలకోసారి బండి బరువెక్కుతోంది. తర్వాత రేజ్ ఇచ్చినా కదల్లేదు. దిగి చూస్తే వెనక టైరు ముళ్ళు కనబడటం లేదు, నున్నటి నల్లటి మట్టి దిమ్మ. అది వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్‌ఆర్మ్‌ని ఒరుసుకుని చైను మీదికి కూడా ఎక్కింది. మిత్రుడి బండి మామూలు రోడ్డు బండి. దాని ముందు మడ్‌గార్డు చక్రానికి ఆనుకుని ఉంటుంది కదా, ఆ సందులో మట్టి కూరుకుపోయి చక్రం అసలు తిరగడమే మానేసింది. తోసినా ముందుకు రాలేదు. ఆఫ్‌రోడ్ బండికి ముందు మడ్‌గార్డు జానెడు పైన, ముక్కులా సాగి ఎందుకుంటుందో ఎవరికైనా వివరించాలంటే ఆ డొంకలో నిలబెడితే చాలు.

గట్టు మీద నుంచి ఒక పెద్దాయన చూస్తున్నాడు. "ఏందబ్బాయా, ఈ రేగట్లోకి బళ్ళేసుకొచ్చారు?" అన్నాడు. చెప్పాం. నవ్వి, కందికంప విరిచి ఇచ్చాడు. "నీళ్ళు పొయ్యబాకండి, ఇంకా పట్టుద్ది. పుల్లతో గీకండి. రెండు పూట్ల ఎండ కాస్తే ఇదే డొంక బల్లపరుపుగా ఉంటది, అప్పుడు రండి." ఆ మాట ఎంత నిజమంటే, రెండ్రోజుల తర్వాత అదే డొంక పైన పొడిగా, లోపల మెత్తగా, టైరు పట్టు చిక్కి, నేను నడిపినవాటిలోకెల్లా మంచి దారి అయింది. రేగడిలో ఎప్పుడు వెళ్ళాలో తెలియడమే సగం విద్య. ఆ విద్య రైతు దగ్గర ఉంది, వీడియోల్లో దొరకదు.

మన దగ్గర సీజను కూడా ఖచ్చితంగా ఉంది. కార్తీకం నుంచి మాఘం దాకా. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని ఊరికే అనలేదు. గార్డులూ బూట్లూ హెల్మెట్టూ వేసుకుని, నిలబడి, పావుగంటకోసారి బండి తోస్తూ మే నెల ఎండలో తిరిగితే వడదెబ్బే. చలికాలంలో కూడా నేను తెల్లవారుజామునే బయల్దేరి తొమ్మిదిన్నర, పదికల్లా ముగిస్తాను. రెండు లీటర్ల నీళ్ళు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు వీపున సంచిలో ఉంటాయి. తల తిరిగినట్టు అనిపిస్తే కాదు, దాహం వేయకముందే తాగాలి.

నడక వేగం అన్నాను కదా, దాని గురించి కాస్త చెప్పాలి. మొదటి వారాలన్నీ నేను ఊరి బయట ఖాళీ స్థలంలో ఎనిమిది ఆకారంలో తిరగడానికే కేటాయించాను. మొదటి గేరు, క్లచ్ మీద ఒక్క వేలు, ఫుట్‌రెస్టుల మీద నిలబడి. నిలబడితే మన బరువు సీటు మీంచి ఫుట్‌రెస్టుల్లోకి దిగుతుంది, బండి మన కింద స్వేచ్ఛగా ఊగుతుంది, మోకాళ్ళే షాకబ్జర్లవుతాయి. మలుపులో బయటి వైపు ఫుట్‌రెస్టుని తొక్కితే టైరు నేలని కరుచుకుంటుంది. వేగంగా వెళ్ళేవాడికి చక్రాల తిరుగుడే నిలకడ ఇస్తుంది. నెమ్మదిగా వెళ్ళేటప్పుడే మనిషికి ఎంత వచ్చో బయటపడుతుంది. చూసేవాళ్ళకి ఇందులో గొప్పేం కనబడదు. పదినిమిషాలకే తొడలు వణుకుతాయి, ముంజేతులు రాళ్ళలా బిగుస్తాయి. రోజూ గుంజీళ్ళు తీయడం అప్పుడే మొదలుపెట్టాను.

టైర్లలో గాలి గురించి కూడా. రోడ్డుకి ఉంచే గాలితోనే మట్టిలోకి వెళ్తే బండి రాళ్ళ మీద ఎగిరెగిరి పడుతుంది. 20 పాయింట్ల దాకా దించితే టైరు పరుచుకుని పట్టు పెరుగుతుంది. ట్యూబు టైరైతే అంతకన్నా దించొద్దు, రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పంక్చరవుతుంది. తిరిగి రోడ్డెక్కగానే ఎక్కించుకోవాలి.

బండి కొనేముందు మా ఆవిడ ఒక్కటే అంది: "ఏవండీ, ముందు ఆ బూట్లూ మోకాలి గార్డులూ కొనండి, తర్వాతే బండి సంగతి." ఈ వ్యాసంలో అందరికన్నా తెలివైన మాట అదేనని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. మట్టిలో పడటం తప్పదు. నెమ్మదిగానే పడతాం, కానీ పడ్డప్పుడు పాదం బండి కింద ఇరుక్కుంటుంది. మామూలు షూస్ చీలమండని కాపాడలేవు. ఎండకి ఉక్క పోస్తుందని గార్డులు విప్పేసే మిత్రులతో నేను రోజూ గొడవ పడుతూనే ఉంటాను. ఉక్కకి మందు పెందలాడే బయల్దేరడం. విరిగిన చీలమండకి ఈ వయసులో అంత తేలిక మందు లేదు.

దుమ్ము మనిషికన్నా ఇంజనుకి ఎక్కువ చేటు. ఆటోనగర్‌లో నా బండి చూసే మెకానిక్ ఎయిర్ ఫిల్టర్ విప్పి, పెట్టె లోపలి గోడని తెల్లగుడ్డతో ఒక్కసారి తుడిచి నా ముందు పరిచాడు. గుడ్డ మధ్యలో ఎర్రటి చార. "సార్, ఈ చార ఫిల్టరుకి ఇవతల ఉన్నంతకాలం మీ ఇంజను పదేళ్ళు. అవతలికి పోయిందంటే పిస్టను రింగులు ఒక్క ఏడాది" అన్నాడు. అప్పట్నుంచి గ్రావెల్ కట్టల మీద తిరిగొచ్చిన ప్రతిసారీ బండి కడగడం కన్నా ముందు ఫిల్టర్ విప్పుతున్నాను.

ఎక్కడ నడపకూడదో కూడా గట్టిగా చెప్పాలి. కొండపల్లి అడవి మనకి దగ్గర, దారులు ఊరిస్తాయి. అది రిజర్వు ఫారెస్టు. అనుమతి లేకుండా బండి వేసుకుని వెళ్ళడం నేరం. చట్టం పక్కనపెట్టినా, వాలు మీద టైరు వేసిన గాడి మొదటి వానకే కాలువ అవుతుంది, పైమట్టి కొట్టుకుపోతుంది. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి చెట్టు పెరిగేది ఆ వాలుల్లోనే. దాని మొలక మీద మన సరదా పడకూడదు. కొండవీడు కోటలో రెడ్డిరాజుల నాటి రాతిమెట్ల మీద బండెక్కించే వీడియోలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. చేలగట్లు అసలే వద్దు, గట్టు తెగితే నీళ్ళు పక్కచేలోకి పోయి రెండు కుటుంబాల మధ్య తగాదా. డొంక అందరిదీ, కాబట్టి డొంకలో వెళ్ళొచ్చు. ఎదురుగా గొడ్లు వస్తే ఇంజను ఆపేయాలి.

మరి ఎక్కడ నడపాలి? దీనికి జవాబు ఒక్కొక్కరూ వెతుక్కునేది కాకూడదు. సీఎస్ సంతోష్ 2015లో, ఎడారి దారుల్లో వేల కిలోమీటర్లు సాగే డాకర్ ర్యాలీ పూర్తిచేసిన తొలి భారతీయుడు, బెంగళూరు మనిషి. 2019లో బాహా అనే మట్టిదారి పందేల్లో మహిళల ప్రపంచ కప్పు గెలిచిన ఐశ్వర్య పిస్సేదీ బెంగళూరే. 2024 డాకర్‌లో ర్యాలీ 2 తరగతి (అగ్రశ్రేణి తర్వాతిది) గెలిచిన హరిత్ నోవాది కేరళలోని షొర్నూరు. మన పిల్లలకి చేవ లేక ఈ వరుసలో మన ఊళ్ళ పేర్లు లేవనుకోను. సంతోష్ కోలారు దగ్గర బిగ్ రాక్ డర్ట్ పార్క్ పెట్టాడు, నేర్చుకోవాలనుకున్నవాడు అక్కడికి వెళ్ళి పడి లేచి నేర్చుకోవచ్చు. మన దగ్గర అలాంటి చోటు నాకు కనబడలేదు. రాత్రిపూట బందరు రోడ్డు మీద ముందు చక్రం లేపే కుర్రాణ్ణి పోలీసులు పట్టుకుంటున్నారు, పట్టుకోవాల్సిందే. కానీ వాడికి చూపించడానికి వేరే చోటు కూడా ఉండాలి కదా.

గుంటూరు చుట్టుపక్కల తవ్వడం ఆపేసిన రాళ్ళ క్వారీలున్నాయి. నీళ్ళు నిండనిది ఒకటి చాలు. పంట నేల కాదు, అడవి కాదు, చప్పుడు ఊళ్ళోకి రాదు. జేసీబీతో ఒక వారం పని, నాలుగు మట్టి దిబ్బలు, ఒక ఇసుక గుంత, దుమ్ము అణచడానికి నీళ్ళ ట్యాంకరు, శని ఆదివారాలు ఒక అంబులెన్సు, హెల్మెట్టూ బూట్లూ లేనివాణ్ణి లోపలికి రానివ్వని మనిషి గేటు దగ్గర. వాకింగ్ ట్రాకులకీ క్రికెట్ గ్రౌండ్లకీ స్థలం చూపించినట్టే దీనికీ చూపించమని అడుగుదాం. లీజు డబ్బులు మనమే చందాలు వేసుకుందాం, నా వంతు నేను సిద్ధం. పదహారేళ్ళ పిల్లల ఫీజు మనలాంటి నలభై దాటినవాళ్ళం కడదాం. కలెక్టరు కార్యాలయంలో ఇవ్వడానికి అర్జీ రాసి పెట్టాను. సంతకాలు కావాలి.